బ్రష్ పేరు అక్క

మార్చి 3, మంగళవారం

ఇవాళ్టి నుంచి మనుషుల్ని చావగొట్టడమే నా పని. జీతమిచ్చి మరీ చేయిస్తున్నారు.

కొత్త ప్రాజెక్ట్ ఫైటింగ్ గేమ్. అందులో కొట్టుకునేవాళ్ళ తలలన్నీ నావే. ఒక్కో తలకి ఐదు దశలు. మామూలు ముఖం, కందిన ముఖం, వాచిన ముఖం, చిట్లిన ముఖం, చివరికి కన్నతల్లి కూడా పోల్చుకోలేని ముఖం. మా టీమ్ లీడ్‌ని మేమంతా మేస్త్రి అంటాం, ఎవరి గోడ ఎంత వంకరో దూరం నుంచే చెప్పేస్తాడని. ఆయన నా సీటు దగ్గరికొచ్చి, సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే బ్రష్షులు వాడితే ఊరుకోను, అందరూ అవే వాడి అందరి బొమ్మలూ ఒకేలా ఏడుస్తున్నాయి, నీ బ్రష్షులు నువ్వే చేసుకో అన్నాడు.

సరే అన్నాను. లిస్టులో ఉన్న వందలాది బ్రష్షుల్లో నాలుగే ఉంచుకున్నాను. కండ పెట్టడానికి క్లే. దవడ పక్కకి తొయ్యడానికి మూవ్. తోలు కొయ్యడానికి సన్న గీత బ్రష్. చేసిన పాపం కప్పిపుచ్చడానికి స్మూత్. మిగతావి నేనే పుట్టిస్తాను. చేతులు దురదపెడుతున్నాయి.

మార్చి 5, గురువారం

బ్రష్ అంటే కుంచె అనుకునేవాళ్ళకి ఈ పని అర్థం కాదు. మా బ్రష్ లోపల ఆల్ఫా అని ఒక నలుపు తెలుపు బొమ్మ ఉంటుంది. తెలుపున్న చోట చర్మం లేస్తుంది, నలుపున్న చోట దిగుతుంది. పెన్ను నొక్కినప్పుడల్లా ఆ బొమ్మ ముద్ర పడుతుంది. మంచి దెబ్బ కావాలంటే ముందు దేన్నో ఒకదాన్ని నిజంగా కొట్టి ఫొటో తియ్యాలి.

అందుకని సెలవు పెట్టి ఇంట్లో బంకమట్టి ముద్దని చావబాదాను. పిడికిలితో, మోచేత్తో, సుత్తితో. పిడికిలి బ్రష్ బాగా వచ్చింది, నా కణుపులు చీరుకుపోయాయి. మధ్యాహ్నానికి కింద వాటా ఆవిడ పైకొచ్చి, ఎవర్నన్నా చంపుతున్నావా ఏంటమ్మా అంది. మట్టినండీ అని చూపించాను. నన్నూ సుత్తినీ ఎగాదిగా చూసి, ఉద్యోగమేనా ఇది అంది. ఉద్యోగమే అన్నాను. ఇక రానులే, కొట్టుకో అని దిగిపోయింది.

మార్చి 9, సోమవారం

మేస్త్రి అందరి ముందూ నా తోలు వలిచాడు.

మొదటి ఫైటర్‌ని మేం మొండోడు అంటాం. వాడి మూడో దశ ముఖం చూపించాను. ఆయన ఒక్క చూపు చూసి, చెంప మీదా కనుబొమ్మ పైనా గడ్డం కిందా ఒకే ముద్ర గుద్దావు కదా అన్నాడు. దెబ్బ తగిలిన ప్రతిసారీ వేరుగా తగులుతుంది, ఎముక వేరు, కండ వేరు, ఒకే ఆకారం మళ్ళీ కనబడిందంటే అది గాయం కాదు తల్లీ, రబ్బరు స్టాంపు అన్నాడు. పోస్టాఫీసులో ఖాళీలున్నాయేమో కనుక్కో అని కూడా అన్నాడు. అందరూ పకపకా నవ్వారు.

ఒళ్ళు మండిపోయింది. ఆయనన్నది నిజం కాబట్టి ఇంకా మండింది. మధ్యాహ్నమంతా మొండోడి ముక్కు మీద కక్ష తీర్చుకున్నాను. వాడికి ఇక ముక్కు లేదు.

మార్చి 10, మంగళవారం

ముద్ర పడ్డప్పుడల్లా తిరిగిపోయేలా, సైజు మారిపోయేలా బ్రష్‌ని సెట్ చేశాను. ఇప్పుడు పట్టుకో మేస్త్రీ.

మార్చి 14, శనివారం

అక్క వచ్చింది. కుడి భుజం నుంచి వీపు మీదికి పెద్ద దెబ్బ. కర్టెన్లు తగిలిస్తుంటే స్టూల్ మీంచి పడ్డానే, చెయ్యి అందట్లేదు, కాస్త మందు రాయి అని చొక్కా భుజం కిందికి జరిపింది.

నా కళ్ళు మెరిశాయి, దాచుకోవడమెందుకు. మధ్యలో నేరేడుపండు రంగు, దాని చుట్టూ ఆకుపచ్చ, అంచుల్లో పసుపు. ఇలాంటిది ఏ ఆల్ఫా లైబ్రరీలోనూ దొరకదు. కదలకు అని అరిచి, కిటికీ దగ్గర నిలబెట్టి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాను. మందు రాయమని వస్తే ఫొటోలేంటే నీ మొహం మండా అని నవ్వింది. నవ్వితే నొప్పేసి పక్కటెముకలు పట్టుకుంది. అప్పుడు ముఖం ఎలా ముడుచుకుంటుందో అది కూడా తీశాను. మొండోడికి పనికొస్తుంది.

తర్వాతే మందు రాశాను. అక్క కళ్ళద్దాల షాపులో ఫ్రేములు బిగిస్తుంది, రోజంతా అందరి ముఖాలూ కొలుస్తుంది. చెయ్యెత్తలేకపోతే పనికెలా వెళ్తావు అంటే, ఎడమ చేత్తో కొలుస్తాలే అంది.

మార్చి 18, బుధవారం

బ్రష్ అదిరింది. ఫొటోలో రంగుల తేడానే ఎత్తుపల్లాలుగా మార్చుకున్నాను. ఒక్కసారి నొక్కితే చాలు, తోలు కింద నెత్తురు గడ్డకట్టినట్టు ఉబుకుతుంది. సేవ్ చేసేటప్పుడు పేరడిగితే అక్క అని పెట్టాను.

మేస్త్రి చూసి, దెబ్బంటే ఇదీ అన్నాడు. ఆ నోట్లోంచి అంతకంటే పెద్ద పొగడ్త ఇంతవరకూ ఎవరికీ రాలేదు. టీమ్ అంతా వాడండి అని సర్వర్‌లో పెట్టించాడు. సాయంత్రానికి ఏ స్క్రీన్ చూసినా అక్కే. పక్క సీటువాడు కుర్చీ నా వైపు తిప్పి, అక్కని మెల్లగా నొక్కాలా గట్టిగా నొక్కాలా అని అడిగాడు. గట్టిగా అన్నాను.

అక్కకి ఫోన్ చేసి నువ్వు ఫేమస్ అయిపోయావే అన్నాను. నా మొహం కనబడదు కదా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. బావకి చెప్పకు అంది. బావకి ఇలాంటివి చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబోలు అనుకున్నాను.

మార్చి 20, శుక్రవారం, మధ్యాహ్నం 3

మేస్త్రి పిలిచి మళ్ళీ వాయించాడు. ఈసారి తప్పు ముద్ర వెయ్యడంలో లేదట, బ్రష్ లోపలే ఉందట. ఒకే ఆకారాన్ని ఆల్ఫాలో మూడు చోట్ల కాపీ చేసి అతికించావు, బద్ధకానికి కూడా హద్దుండాలి అన్నాడు. అది కాపీ కాదు, నిజం మనిషి నిజం దెబ్బ, ఫొటో నా దగ్గరుంది అని అరిచాను. అయితే తెచ్చి నా మొహాన కొట్టు అన్నాడు.

కొడతాను. ఇప్పుడే.

అదే రోజు, సాయంత్రం 6

ఆయన నోరు మూయిద్దామనే ఫొటో తెరిచాను. రంగు తీసేసి, కాంట్రాస్ట్ పెంచి, దగ్గరగా చూశాను. ఉంది. పక్కపక్కనే మూడు తేనెపట్టు గదులు, వాటి కింద అలలాంటి గీత. భుజం మీద ఒకటి. రెక్క ఎముక మీద ఒకటి. దాని కింద, సగం తిరిగి, ఇంకొకటి. ఒకదాన్ని కత్తిరించి ఇంకోదాని మీద పెట్టి తిప్పాను. గదికి గది సరిపోయింది.

స్టూల్ మీంచి మనిషి ఒక్కసారే పడుతుంది.

ఇన్వర్ట్ నొక్కాను. నలుపు తెలుపైంది, తెలుపు నలుపైంది. దెబ్బ పోయి కొట్టిన వస్తువు వచ్చింది. ఎన్నో జతల బూట్లు చెక్కాను నేను. షూ అడుగు భాగం చూస్తే నాకు తెలియదా. మనిషిని కింద పడేసి తొక్కితే ఇలా పడుతుంది. మళ్ళీ కాలెత్తి, మళ్ళీ తొక్కితే.

మేస్త్రి దగ్గరికి వెళ్ళలేదు. ఫొటో మూసేసి ఇంటికొచ్చేశాను.

మార్చి 21, శనివారం

ఫొటో తప్పయ్యుంటుంది, వెలుతురు తప్పయ్యుంటుంది, నా కళ్ళు తప్పయ్యుంటాయి.

మార్చి 22, ఆదివారం

వాళ్ళింటికి వెళ్ళాను. బావ స్నానం చేస్తున్నాడు. బావ డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. ఆయన ఓపిక గురించి చెప్పనివాళ్ళు లేరు. గోడకి గుద్దినవాళ్ళని కూడా పర్లేదండీ, ఇంకోసారి చూద్దాం అంటాడట.

తలుపు పక్కన షూ స్టాండు. నీలం రంగు రన్నింగ్ షూ ఎత్తి తిప్పాను. మూడు తేనెపట్టు గదులు, కింద అల. ఆయన పుట్టినరోజుకి నేనే కొనిచ్చాను ఆ జత. గ్రిప్ బాగుంటుందని షాపువాడు చెబితే ఇంకో షాపు కూడా చూడకుండా కొన్నాను.

అక్క వంటింట్లోంచి చూసింది. వచ్చి షూ నా చేతిలోంచి తీసుకుంది. రెండోదాని పక్కన సరిగ్గా పెట్టి, లేసులు లోపలికి దోపింది. స్టూల్ మీంచి పడ్డానని చెప్పాను కదా అంది. మీ స్టూల్ షూ వేసుకుంటుందా అన్నాను. గొంతు తగ్గించు అంది. బొమ్మల్ని పగలగొట్టీ పగలగొట్టీ నీకు ఏ మనిషిని చూసినా అదే కనబడుతోంది, ఇంటికి పో అంది.

బావ తల తుడుచుకుంటూ వచ్చాడు. కాఫీ తాగావా మరదలా, ఎండలో ఎందుకు, నేను దింపుతాను పద అన్నాడు. దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగాడు. ఒక ముసలాయన రోడ్డు దాటేదాకా నవ్వుతూ కాచుకున్నాడు. సీటు బెల్టు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను. ఆఫీసులో చీమ కుట్టినా గంట అరిచేదాన్ని నేను. దిగేటప్పుడు థాంక్స్ బావా అన్నాను. నా నోరు పడిపోను.

మార్చి 23, సోమవారం

సర్వర్‌లోంచి అక్కని తీసేశాను. మేస్త్రి నిప్పులు చెరిగాడు. తొమ్మిది తలల మీద ఆ బ్రష్ వాడేశాం, డెడ్‌లైన్ నీ తాత ఇస్తాడా అని అరిచాడు. పక్కకి పిలిచి ఒక్క వాక్యంలో చెప్పాను. తన చెప్పుల వైపు చూసుకున్నాడు. బయటికొచ్చి, తొమ్మిది తలలూ పాత వెర్షన్‌కి తీసుకెళ్ళండి, ఎందుకని ఎవరూ అడగొద్దు అన్నాడు.

తర్వాత నా సీటు దగ్గరికొచ్చి, ఆవిడకి వెళ్ళడానికి వేరే చోటుందా అని అడిగాడు. నా గదుంది అన్నాను. ఆ సంగతి ఆవిడకి చెప్పావా అన్నాడు.

చెప్పలేదు. అరిచాను గానీ ఆ ఒక్క మాటా చెప్పలేదు. మెసేజ్ పెట్టాను, నా గది తలుపు నీకెప్పుడూ తీసే ఉంటుంది అని. అక్క చూసింది.

మార్చి 24, మంగళవారం

పెళ్ళి ఫొటో పెట్టుకుని బావ తల చెక్కాను. ఇంత త్వరగా ఎవరి పోలికా పట్టలేదు నేను. చెవి కింద పుట్టుమచ్చతో సహా దిగింది.

తర్వాత మొదలుపెట్టాను. పిడికిలి బ్రష్‌తో ఎడమ చెంప ఎముక లోపలికి దింపాను. మూవ్‌తో దవడ ఊడగొట్టి చెవి దాకా లాగాను. పళ్ళు ఒక్కొక్కటీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. గీత బ్రష్‌ని సన్నగా చేసి పెదవి నుంచి కన్ను దాకా కోశాను. కళ్ళల్లో కోపం పెట్టాను, నుదుటి మీద ముడతలు, బిగబట్టిన పళ్ళు, కొట్టేటప్పుడు ఇలాగే ఉంటాడని. అలా ఉన్నవాణ్ణే కొట్టాలని. ఐదో దశ దాటి ఆరు, ఏడు. అన్‌డూ కొట్టి ముఖం మళ్ళీ బాగుచేసి, మళ్ళీ మొదటి నుంచి.

హాయిగా ఉంది. ఇలా రాయడానికి సిగ్గుగా లేదు.

మార్చి 26, గురువారం

ఆఫీసులో మొండోణ్ణి కొడుతున్నాను, ఇంటికొచ్చి బావని కొడుతున్నాను. అక్క ఫోన్ ఎత్తదు. నేను వాణ్ణి ఎంత కొట్టినా అక్క వీపు మీద ఒక్క మచ్చ కూడా తగ్గదు. ఈ సంగతి ఇవాళే తట్టింది, తెలివి తక్కువదాన్ని.

మార్చి 28, శనివారం

పొద్దున పదకొండింటికి తలుపు కొట్టారు. అక్క. చేతిలో హ్యాండ్‌బ్యాగ్ ఒక్కటే. కింది పెదవి చిట్లి ఉంది. ఈసారి స్టూల్ మాట ఎత్తలేదు.

లోపలికొచ్చాకే గుర్తొచ్చింది, స్క్రీన్ మీద బావ తల ఉందని. ఆర్పేద్దామని పరుగెత్తాను. ఉండు అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ పగిలిన దవడనీ ఊడిన పళ్ళనీ చూసింది. ఏడుస్తుందనుకున్నాను, నా చెంప పగలగొడుతుందనుకున్నాను. దెబ్బలన్నీ తీసెయ్ అంది. తీసేశాను. కోపంతో పళ్ళు బిగించిన బావ మిగిలాడు.

ఇలా ఉండడు అంది.

ముడతలు తీసెయ్, అప్పుడు నుదురు నున్నగా ఉంటుంది అంది. స్మూత్ బ్రష్‌తో తీశాను. పళ్ళు బిగించడు, నోరు మామూలుగా మూసుకుని ఉంటుంది అంది. మూశాను. ఎడమ రెప్ప ఒక్క నూలుపోగంత కిందికి అంది. రోజంతా ముఖాలు కొలిచే మనిషి, పొరపాటు పడదు. దించాను. కనుబొమ్మలు వదులు చెయ్యి అంది. చేశాను. కోపం ఉండదే, నవ్వడు కూడా, కారు రివర్స్ చేసేటప్పుడు అద్దంలో చూస్తాడే, అలా ఉంటాడు, పని చేసుకుంటున్నట్టు ఉంటాడు అంది.

చెయ్యడం అయిపోయింది. ఎక్కడా నెత్తురు లేదు, గాయం లేదు. పదేళ్ళుగా రాక్షసుల్ని చెక్కుతున్నాను, ఏ బొమ్మని చూసీ నాకు ఇంత భయం వెయ్యలేదు.

అప్పుడు చెప్పింది. పెళ్ళైన రెండో ఏడు నుంచి. కూర ఉప్పగా ఉంటే, ఫోన్ రెండో రింగుకి ఎత్తకపోతే, ఏమీ లేకపోతే. బయటికి కనబడే చోట కొట్టడు, ఈ పెదవే మొదటిసారి అంది. అన్నీ చెప్పి, నాలుగు రోజులు ఇక్కడ ఉండొచ్చా అని అడిగింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆ మనిషి నా గదిలో ఉండటానికి నన్ను అడుగుతోంది. బావురుమని ఏడ్చాను. అక్కే ఊరుకోబెట్టింది.

మార్చి 29, ఆదివారం

బావ ఫోన్ల మీద ఫోన్లు. అక్క ఫోన్ ఆపేసి గుడ్డలో చుట్టి అటక మీద పడేసింది. తర్వాత నా గది మొత్తం ఊడ్చి, పంది కూడా ఇంతకంటే శుభ్రంగా ఉంటుందే అని తిట్టింది. ఎంత బాగుందో ఆ తిట్టు.

ఏప్రిల్ 2, గురువారం, మధ్యాహ్నం

రాయట్లేదు. ఫోన్‌కి చెబుతుంటే అది టైప్ చేస్తోంది. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద ఉన్నాను. అక్క చీటీ రాయించడానికి లైన్లో నిలబడింది.

పొద్దున వచ్చాడు. తలుపు నేనే తీశాను, మందుల షాపు కుర్రాడేమో అనుకుని. షూ విప్పకుండా లోపలికొచ్చాడు. సారీ మరదలా, ఇబ్బంది పెట్టాం నిన్ను, మీ అక్కని తీసుకెళ్తాను అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో. అక్క టేబుల్ వెనక గోడకి అతుక్కుపోయింది. వెళ్ళి ఆ భుజమే పట్టుకున్నాడు, మానని భుజం. అక్క నోట్లోంచి సన్నగా ఒక చప్పుడు వచ్చింది.

సుత్తి తీసుకుని మీదికి దూకాను. ఎన్నిసార్లు చంపాను వాణ్ణి, ఎక్కడెక్కడ కొట్టాలో నాకు కంఠస్థం. గేరు మార్చినంత తేలిగ్గా నా మణికట్టు పట్టుకుని తిప్పాడు. సుత్తి ఎటో పోయింది. నేల నా ముఖానికి తగిలింది. కుడి చెయ్యి చాచి ఉంది. దాని మీద కాలు పెట్టాడు. ఎండు పుల్లలు విరిగినట్టు చప్పుడైంది. కాలెత్తి మళ్ళీ పెట్టాడు. కింద నుంచి వాడి ముఖం చూశాను. అదే ముఖం. నుదురు నున్నగా, నోరు మూసుకుని, ఎడమ రెప్ప ఒక్క నూలుపోగంత కిందికి. నేను అరుస్తున్నాను, వాడు పని చేసుకుంటున్నాడు.

మూడోసారి కాలెత్తినప్పుడు అక్క కొట్టింది. సుత్తి అక్క చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. నేల మీదున్న కాలికి, మోకాలి చిప్ప మీద, ఒక్కటే. వాడు కూలబడి గొడ్డులా అరిచాడు. నుదుటి మీద ముడతలన్నీ అప్పుడొచ్చాయి. అక్క సుత్తి మళ్ళీ ఎత్తింది. వాడి తల అక్కడే, చేతికందేంత దూరంలో ఉంది. వెయ్యవే అని నేనే అరిచాను. ఎత్తిన చేత్తో అలాగే నిలబడింది, కుడి చేత్తో, ఎత్తలేనన్న చేత్తో. వాడు దేక్కుంటూ మెట్లు దిగేదాకా దించలేదు.

కింద వాటా ఆవిడ అప్పుడొచ్చింది. చప్పుళ్ళు విన్నానమ్మా, నువ్వు మట్టి కొడుతున్నావనుకున్నాను అని నెత్తీ నోరూ బాదుకుంది.

వేళ్ళు మొద్దుబారిపోయాయి. అక్క చీటీ పట్టుకుని వస్తోంది.

అదే రోజు, సాయంత్రం

ఎడమ చేత్తో. ఒక్కో అక్షరం.

ఎలా జరిగిందమ్మా అని డాక్టర్ అడిగాడు. గది నిండా జనం. తలుపు సందులో పడి నలిగిందండీ అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోటికి అదే వచ్చింది.

కాదు అంది అక్క.

గది మొత్తానికీ వినబడేలా అంది. నా మొగుడు తొక్కాడు, నన్నూ తొక్కేవాడు, చూపిస్తాను. నేను అతన్ని సుత్తితో కొట్టాను. అన్నీ రాసుకోండి అంది.